కట్ట వెనక ఊట

మాచవరం మండలం,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు వంశీకి,

పెద్దక్క ప్రమీల దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ, సింధు ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, శ్రీవల్లి, పాప కీర్తి చల్లగా ఉండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు ముగ్గురి పేర్లూ చెప్పుకున్నాను.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఆ కొండల్లో నీకు సిగ్నల్ దొరికేది వారానికొకసారి, సంతకి దిగినప్పుడు. దొరికినా మా క్షేమం అడగడమే గాని, నీ సంగతి ఎత్తేసరికి "పాప ఏడుస్తోంది అక్కా" అని పెట్టేస్తావు. ఈసారి నేను చెప్పవలసింది ఫోనులో ఇమడదు. పైగా అది కాగితం మీద ఉండాలి. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవి. నా మోకాలు అలాగే ఉంది. డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు. పూజకి కుర్చీ వేసుకుంటున్నాను. దేవుడి ముందు కుర్చీలో కూర్చోవడానికి మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు ఆయనకీ నాకూ అలవాటైంది. సింధు రోజూ నరసరావుపేట బస్సులో కాలేజీకి పోయి వస్తోంది. మామయ్యలాగా నేనూ డిజైన్లు గీస్తానంటోంది. నువ్వు ఆ పని వదిలేస్తున్నట్టు రాశావు కదా, దానికి చెప్పలేదు.

మిరప సంగతి అడిగావు. చెరువు కింద ఈ ఏడు ఎవరికీ మిరప లేదు. మీ బావ బోరు కింద ఎకరం జొన్న వేశాడు, కంకి పట్టింది. మిగతా వాళ్ళవి బీళ్ళే. ఆరోగ్యస్వామి ఎలా ఉన్నాడని ఒకే ఉత్తరంలో రెండుసార్లు అడిగావు. అతని సంగతి కొంచెం ఆగి రాస్తాను.

ఇక కట్ట సంగతి. నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి రాస్తాను. ఈ కాగితం నువ్వొక్కడివే చదివేది కాకపోవచ్చు.

పోయినేడు కాక అంతకు ముందు వేసవిలో మన ఊరి చెరువు కట్టని నీ డిజైనుతో తిరిగి కట్టారు. పాత కట్ట వెనక భాగం వాన పడితే చాలు విరిగి పడేది. నువ్వు వెనక అడుగున ముందు ఇసుక పొర, దాని బయట కంకర, ఆ బయట రాయి పెట్టించావు. రాయి పేర్చింది రెంటచింతల మేస్త్రి ఆరోగ్యస్వామి. ఒక్కో రాయిని చేత్తో తిప్పి చూసి, పక్క రాయిలో కూర్చునేదాకా వదిలేవాడు కాదు. కూలివాళ్ళు విసుక్కునేవాళ్ళు. "ఏంది మేస్త్రీ, రాయికి పెళ్ళిచూపులా?" అంటే నవ్వేవాడు.

ఏడాదిన్నర నిలిచింది. మొన్న ఆశ్వయుజంలో నాలుగు రోజులు ముసురు పట్టి చెరువు అలుగు దాకా నిండింది. కట్ట వెనక సగం ఎత్తు వరకు తడి ఎక్కింది. అయిదో రోజు పొద్దున్నే ఇరవై గజాల మేర మట్టి విరిగి కిందికి జారింది. ఊరంతా పరుగెత్తి తూములు ఎత్తేశారు. నీళ్ళన్నీ వాగులోకి వదిలేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. అది దేవుడి దయ. కాని చెరువు ఖాళీ అయింది, నీ మీద ఎంక్వయిరీ వేశారు, నిన్ను కొండల్లోకి బదిలీ చేశారు.

మొన్న నువ్వు రాసిన మాటలు ఇవి. "అక్కా, ఇసుక పొర నేను పలచగా వేయించాను. నీళ్ళు బయటికి పోలేక కట్ట లోపలే పైకెక్కాయి. అందుకే నాని జారింది. లెక్క తప్పింది నాదే. నెలాఖరున ఒప్పుకోలు మీద సంతకం పెడతాను. ఇక డిజైన్లు చేయను, స్టోర్సు చూసుకుంటాను. నువ్వు దిగులు పెట్టుకోవద్దు."

ఇసుక లెక్కలు నాకు అర్థం కావని రాసి ఉంటావు. నిజమే, కావు. "నీళ్ళు బయటికి పోలేక" అన్న మాట మాత్రం అర్థమైంది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఉత్తరం మడిచి దేవుడి గూట్లో పెట్టాను. తీసి మళ్ళీ చదివాను. మూడు రోజులు అదే పని.

వంశీ, ఆ నీళ్ళు బయటికి పోకుండా మూయించింది నేను.

చెరువు మొదటిసారి నిండిన కార్తీకం అది. రోజూ తెల్లవారగానే శివాలయానికి పోయి కట్ట మీదుగా ఇంటికొచ్చేదాన్ని. తూము దగ్గర అరుగు మీద నలుగురు రైతులు కూర్చునేవాళ్ళు. కట్ట వెనక రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరి, సన్నగా పారి కంపచెట్లలోకి పోతున్నాయి. నీటి సంఘానికి అదివరకు అధ్యక్షుడిగా చేసిన ఆంజనేయులు సంగతి నీకు తెలుసు కదా, నోరు ఊరుకోదు.

"ఏంది ప్రమీలమ్మా, మీ తమ్ముడు కట్టకి కుళాయి కూడా బిగించాడా?" అన్నాడు.

పక్కనున్నతను అందుకున్నాడు. "చదువుకున్న కట్ట గందా, దానిక్కూడా చెమట పోస్తది."

"నవ్వులాట కాదయ్యా," అన్నాడు ఆంజనేయులు. "రెండు తడులకి వచ్చే నీళ్ళు కంపచెట్లు తాగుతన్నయ్. పాత కట్ట జారితే జారింది గాని ఇట్టా కారలా."

నేను ఇంటికి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ కుళాయి మాట. ఆ మర్నాడు వేరే మాట. పక్షం రోజులు విన్నాను. నిన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే నీ కట్ట కారుతోందని నీకు తెలుస్తుంది, నువ్వు చిన్నబుచ్చుకుంటావు అనుకున్నాను. అదీ నా తెలివి.

మన డాబా కారినప్పుడు అమ్మ ఏం చేసేదో నీకు గుర్తుండాలి. పిడుగురాళ్ళ సున్నంలో బెల్లం నీళ్ళు, దంచి నానబెట్టిన కరక్కాయ కలిపి రుబ్బించి పగుళ్ళలో పెట్టించేది. పెట్టిన చోట మళ్ళీ చుక్క దిగేది కాదు. ఆ పాళ్ళు ఇప్పుడు ఊళ్ళో నాకొక్కదానికే తెలుసు. కోటయ్యని పిలిచాను. మన పొలం పనులు చూసే కోటయ్యే.

"చెరువుకి డాబా మందు పెడతావా అక్కా?" అని నవ్వాడు.

"కారేది కారేదే కదరా," అన్నాను.

నాలుగు రోజులు పట్టింది. రాళ్ళ సందుల్లో నల్లమట్టి కూరాడు, పైన నాపరాయి చెక్కలు బిగగొట్టాడు, వాటి మీద సున్నం మెత్తాడు. మూడో సోమవారం మధ్యాహ్నానికి ఊట ఆగింది. నేను గుడికి పోయి కొబ్బరికాయ కొట్టాను. నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశాను, ఈ మోకాళ్ళతోనే. నా తమ్ముడి పరువు నిలబెట్టావు స్వామీ అని దణ్ణం పెట్టాను. మూసింది నేను, దణ్ణం ఆయనకి. ఆయన ఏమనుకున్నాడో.

అరుగు మీదవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. "ఇప్పుడు కట్టంటే కట్ట," అన్నాడు ఆంజనేయులు. ఆ మాట మనసులో పెట్టుకుని నీకు ఫోను చేశాను. కట్ట భేషుగ్గా ఉందిరా, ఒక్క చుక్క కారట్లేదు అన్నాను. "ఒక్క చుక్క కూడానా అక్కా?" అన్నావు. "అవున్రా" అన్నాను గర్వంగా. వచ్చి చూస్తానన్నావు. ఆ వారమే శ్రీవల్లికి నొప్పులొచ్చి పాప పుట్టింది, ఆస్పత్రిలో పదిహేను రోజులు గడిచాయి. ఆ తర్వాత నిన్ను వేరే పని మీదికి పంపారు. రాలేకపోయానని నీ మనసులో ఏదైనా ఉంటే అది వేరే సంగతి. దానికీ ఇసుక పొరకీ సంబంధం లేదు.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజు ఆరోగ్యస్వామికి కబురు పెట్టాను. మొదటి బస్సుకే వచ్చాడు. చిక్కిపోయాడు. కట్ట జారినప్పటి నుంచి, రాయి తక్కువ వేసి తినేశాడని చుట్టుపక్కల ఊళ్ళలో అంటున్నారు. అతనికి ఎవరూ పని చెప్పడం లేదు. కాఫీ ఇచ్చాను. తాగి గ్లాసు తనే కడిగి బోర్లించాడు. కోటయ్యని కూడా తీసుకుని ముగ్గురం కట్ట వెనక్కి పోయాం. జారిన మట్టి రాళ్ళని పూర్తిగా కప్పేసి ఉంది.

"స్వామీ, నీకొక మాట చెప్పాలి," అన్నాను. "విన్నాక నన్ను తిట్టినా పడతాను."

అతను పలుగు నేలకి ఆనించాడు. "సున్నం మాటే కదక్కా," అన్నాడు.

చేతిలోని చెంబు కింద పెట్టాను.

"జారిన మర్నాడు సారు వచ్చారు గందా. ఆ చివరన ఒక్క రాయి బయటికి కనపడతా ఉంది. సారు వంగి గోటితో గీకారు. కరక్కాయ పీచు చేతికొచ్చింది. చానాసేపు దాన్నే చూశారు. తర్వాత కాలితో మట్టి లాగి ఆ రాయిని కప్పేశారు."

"కప్పేశాడా? ఎందుకు?"

"ఇవి మా అమ్మ పాళ్ళు స్వామీ, మా అక్కకి తప్ప ఎవరికీ తెలవవు అన్నారు. ప్రభుత్వం కట్ట మీద చెయ్యేసినందుకు కేసవుద్ది, మా అక్క పేరు బయటికి రాకూడదు, మాటివ్వు అన్నారు. ఇచ్చా."

"మరి నిన్ను రాళ్ళు మింగాడంటుంటే ఎట్టా ఊరుకున్నావయ్యా?"

"మాటిచ్చాక ఏం చేస్తానక్కా. ఆదివారం గుళ్ళో ప్రభువుతో చెప్పుకున్నా. పైవాడికి తెలుసు, సారుకి తెలుసు. మిగతావాళ్ళు ఎప్పుడో తెలుసుకుంటారులే అనుకున్నా."

అంటే నా పనికి మీరిద్దరూ నాలుగు నెలలుగా నోరు కట్టుకుని ఉన్నారు. నేను మాత్రం కట్ట జారిన పాపం ఎవరిదో బయటపెట్టు స్వామీ అని రోజూ గుళ్ళో అడుగుతున్నాను.

కోటయ్య అప్పటికే మట్టి లాగుతున్నాడు. తల ఎత్తడం లేదు. సున్నం పెచ్చు బయటపడింది, రాయికంటే గట్టిగా ఉంది. ఆరోగ్యస్వామి పలుగుతో నాలుగు పోట్లు పొడిచాడు. నాపచెక్క ఊడింది. ముందు కోటయ్య కూరిన నల్లమట్టి కరిగి వచ్చింది. అది పోయాక నీళ్ళు వచ్చాయి. తూములకి అందని నీళ్ళు చెరువు అడుగున ఇంకా మిగిలే ఉన్నాయి కదా, అవే. ఆరోగ్యస్వామి నా చెంబు తీసుకుని నిండా పట్టాడు. ఎండకి ఎత్తి చూపించాడు. అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి.

"చూడక్కా, ఇసుక రవ్వ ఒక్కటి కూడా రాలా. ఇసుక మట్టిని ఆపాలి, కంకర ఇసుకని ఆపాలి, నీళ్ళు మాత్రం బయటికి రావాలి. సారు కట్ట మొదలెట్టిన రోజే మైకులో చెప్పారు. ఈ ఊట తేటగా వచ్చినన్నాళ్ళూ కట్ట చల్లగా ఉన్నట్టే, ఆగితే నాకు కబురు చెయ్యండి అని. డప్పులోళ్ళ గోలలో ఎవురిన్నారు?"

ఆ పూట నేను పందిట్లో పులిహోర వడ్డిస్తున్నాను వంశీ. నీ మాట అక్కడికి రాలేదు. వచ్చి ఉంటే అని అనుకుని ఇప్పుడు ప్రయోజనం లేదు.

పలుగు చప్పుడుకి జనం చేరారు. ఆంజనేయులూ వచ్చాడు. చేరిన చోటే నిలబడి అందరికీ చెప్పాను. కట్ట కారుతోందన్న మాట పడలేక నేనే మూయించాను, కోటయ్య నేను చెప్పిన పని చేశాడు, ఇంజనీరుది గాని మేస్త్రిది గాని ఇందులో ఏ తప్పూ లేదు అన్నాను. చివరి తూము కింద రెండెకరాలు కౌలు చేసే ఒకామె ముందుకొచ్చింది.

"నీ తమ్ముడి పరువు కోసం మా మిరప పోయిందక్కా," అంది.

అది నిజం. తల దించుకుని విన్నాను.

ఆంజనేయులు కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "నేను నవ్వులాటకి అన్నా ప్రమీలమ్మా. నువ్వింత మనసులో పెట్టుకుంటావని నాకేం తెలుసు," అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వు కాగితం రాసేట్టయితే సాక్షి సంతకం నేను చేస్తా. అన్నది నేనే కాబట్టి అదీ రాయి," అన్నాడు. రాశాను. సంతకం చేశాడు.

కోటయ్య తన పేరు కూడా రాయమని పట్టుబట్టాడు. "సున్నం రుబ్బింది నేనక్కా. నన్ను కూలోడి కింద వదిలేస్తే ఎట్టా?" అన్నాడు. నేను చెప్పగా చేశాడని రాశాను.

ఇంటికొచ్చి మీ బావకి చెప్పాను. ఆయనకి అప్పటిదాకా తెలియదు. చానాసేపు వాకిట్లో నిలబడ్డాడు. "ఏమే, కేసు పెడితే ఎట్టా?" అన్నాడు. "పెడితే పోదాం," అన్నాను. లోపలికి పోయి పెట్టెలోంచి తెల్లచొక్కా తీశాడు. మొన్న శుక్రవారం నేను, ఆయన, ఆరోగ్యస్వామి నరసరావుపేట పోయాం. ఆరోగ్యస్వామి సున్నం పెచ్చు ఒకటి తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు గంటలు బల్ల మీద కూర్చున్నాక ఎంక్వయిరీ ఆఫీసరు పిలిచారు.

ఆయన నా కాగితం రెండుసార్లు చదివారు. మంచి మనిషిలాగే ఉన్నారు.

"ఇది తీసుకుంటే మీ మీద చర్య ఉండొచ్చు. తెలుసా అమ్మా?" అన్నారు.

"తెలుసండీ."

"మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా? మీ తమ్ముడు గాని?"

"వాడికి నేను ఇక్కడికొచ్చినట్టే తెలియదండీ. తెలిస్తే రానివ్వడు."

ఆయన సున్నం పెచ్చు తిప్పి తిప్పి చూశారు. దీంట్లో ఏం కలిపారని అడిగారు. పాళ్ళు చెప్పాను. రాసుకున్నారు. మంగళవారం స్వయంగా వచ్చి కట్ట చూస్తానన్నారు. తవ్విన చోటు మేము మూయలేదు. ఊట పారుతూనే ఉంది. కాగితం ముట్టినట్టు స్టాంపు వేసి ఒక ప్రతి ఇచ్చారు. దాని జిరాక్సు ఈ ఉత్తరంలో పెడుతున్నాను. ఆయన ఏం తేలుస్తారో నాకు తెలియదు. నా మీద ఏం రాస్తారో కూడా తెలియదు. రెండు రోజులుగా మాత్రం నిద్ర పడుతోంది.

నీకు ముందు చెప్పి తర్వాత పోవలసింది, తెలుసు. చెబితే నువ్వు ఆపేవాడివి. నేను ఆగేదాన్నేమో కూడా. అందుకే కాగితం అక్కడ ఇచ్చేసి వచ్చి, ఇప్పుడు నీకు రాస్తున్నాను. కోపం వస్తే రానివ్వు. నన్ను క్షమించమని ఉత్తరంలో అడగను. నువ్వొచ్చినప్పుడు ఎదురుగా అడుగుతాను.

నీ పదకొండో ఏట అమ్మ పోయింది. అప్పటి నుంచి నిన్ను కాచుకోవడం నా పని అనుకుంటూనే ఉన్నాను. ఆ పని నా మీదినుంచి తీసి నువ్వెప్పుడు భుజాన వేసుకున్నావో గమనించలేదు. మట్టిలోకి వంగి ఆ రాయి గీకినప్పుడు నీకెట్లా ఉండి ఉంటుందో అని తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. తిరిగి వచ్చి మా ఇంట్లో భోంచేశావు కూడా ఆ రోజు. నేను పప్పు వడ్డిస్తే ఇంకొంచెం వెయ్యక్కా అన్నావు. ఒక్క మాటైనా అన్నావా.

సరే. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఇసుక పొర పలచన అని నువ్వు రాయబోయే కాగితం మీద సంతకం పెట్టకు. నువ్వు సంతకం పెడితే ఆ ఆఫీసరు ముందు నేను చెప్పింది అబద్ధమవుతుంది. యాభై ఆరేళ్ళొచ్చాయి, ఒకరి ముందు నిలబడి ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు నాన్నా.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచిన
పెద్దక్క,
ప్రమీల